ఇంటి పాడి: జున్నుపాలతో పాటు వచ్చే నట్టలు



బర్రె ఈనిన ఇంట్లో సంతోషం ఎంతో చెప్పనక్కరలేదు. ఇరుగుపొరుగుకు జున్ను పంచుతాం, సంఘంలో కృతజ్ఞతార్పణ చెల్లిస్తాం. అయితే కొన్ని ఇండ్లలో మూడు వారాలు తిరగకముందే ఆ సంతోషం దిగులుగా మారుతుంది. దూడ నీరసంగా నిలబడుతుంది. వెంట్రుకలు గరుకుబారుతాయి, పొట్ట ఉబ్బుతుంది, తెల్లమన్ను రంగులో దుర్వాసనతో పారుతుంది. దిష్టి తగిలిందని ఒకరంటారు, తల్లిపాలు పడలేదని ఇంకొకరంటారు. చివరకు దూడ చనిపోతుంది. దూడ లేక బర్రె చేపదు. దూడతో పాటు ఆ ఈత పాలు కూడా పోయినట్లే.

1931లో పూర్తయిన నిజాంసాగర్ నీటితో మన బోధన్, నిజామాబాదు ప్రాంతాల్లో వరి, చెరకు పెరిగాయి. చెరకు ఆకు బర్రెలకు మేత అయింది. 2015 చివర బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక, చెరకు డబ్బు మీద ఆశ పెట్టుకున్న ఇండ్లకు పాల డబ్బు ఎంత ఆసరాయో మీకు తెలుసు. అందుకే ఈ నెల దూడల నట్టల గురించి తెలుసుకుందాం.

దూడ పేగులో పెరిగే ఈ పొడుగాటి తెల్లని ఏలికపాము పేరు టోక్సోకారా విటులోరం. ఆడపురుగు ఇంచుమించు 30 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. నట్టలున్న దూడ పేడలో లెక్కలేనన్ని గుడ్లు పడతాయి. వాటి పెంకు దళసరి. తడి, నీడ ఉన్న దొడ్డిలో అవి నెలల తరబడి బ్రతుకుతాయి. మేతతో, మట్టితో పాటు పెద్ద బర్రె వాటిని మింగుతుంది.

ఇక్కడే ఆశ్చర్యమైన సంగతి ఉంది. గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్లపురుగు, అంటే లార్వా, పెద్ద బర్రె పేగులో నిలవదు. పేగు గోడను తొలుచుకొని రక్తంతో కాలేయానికి, ఊపిరితిత్తులకు, కండలకు పోతుంది. బర్రె శరీరం ఊరుకోదు. ఇయోసినోఫిల్స్ అనే తెల్లరక్త కణాలు లార్వా చుట్టూ చేరతాయి, దానికి విరుద్ధంగా ప్రతిరక్షకాలు తయారవుతాయి. లార్వా ఎదుగుదల ఆగిపోతుంది, కానీ కొన్ని చావవు. అణగి, దాగి ఉంటాయి. బర్రె పైకి ఆరోగ్యంగానే కనబడుతుంది. ఈనే సమయంలో అవి మేల్కొని పొదుగుకు చేరి, మొదటి వారం రోజుల పాలలో ఎక్కువగా దూడ నోటికి అందుతాయి. 1990 నాటికి శ్రీలంకలో బర్రెలపై జరిగిన పరిశోధనలు ఈ మార్గాన్ని స్పష్టంగా చూపించాయి. పాలతో వచ్చిన లార్వా దూడ శరీరంలో తిరగదు. నేరుగా పేగులోనే పెరిగి, మూడు నాలుగు వారాలకు గుడ్లు పెడుతుంది.

అలాగని జున్నుపాలు మానిపించవచ్చునా? ఎంతమాత్రం కూడదు! దూడ పుట్టేటప్పుడు దాని రక్తంలో తల్లి ఇచ్చిన ప్రతిరక్షకాలు ఉండవు. అవి జున్నుపాలతోనే రావాలి. దూడ పేగు వాటిని మొదటి కొన్ని గంటల్లో బాగా పీల్చుకుంటుంది, ఒక దినం గడిస్తే ఆ ద్వారం మూతపడుతుంది. కనుక ముందు దూడకు కడుపునిండా త్రాగించి, మిగిలితేనే జున్ను వండుకోవాలి. ఈ ప్రతిరక్షకాలు ఎన్నో రోగాలను ఆపుతాయి గాని నట్టలను మాత్రం పూర్తిగా ఆపలేవు. దూడకు నాలుగు నుండి ఆరు నెలల వయసు వచ్చేసరికి దాని స్వంత రోగనిరోధక శక్తి బలపడి పురుగులను బయటికి నెట్టివేస్తుంది. అంతవరకు బ్రతికించుకోవడమే మన పని.

చేయవలసింది ఇది. దూడకు 10 నుండి 16 రోజుల మధ్య పశువుల డాక్టరు చేత నట్టల మందు వేయించండి. అంతకంటె ముందు వేస్తే పాలలో ఇంకా లార్వాలు వస్తూనే ఉంటాయి. ఆలస్యమైతే దూడ చిక్కిపోతుంది, గుడ్లు దొడ్డిలో పడతాయి. తల్లికి వేసే మందు కండల్లో దాగిన లార్వాలను చంపుతుందని నమ్మకండి. పారుడుకు వేరే కారణాలు కూడా ఉంటాయి గనుక పేడ పరీక్ష చేయించండి. దూడల పేడ రోజూ ఎత్తి ఎరువు గుంటలో వేయండి, కట్టే చోటును ఎండనివ్వండి. మగదూడ కదా అని నిర్లక్ష్యం చేయకండి. దాని పేడలోని గుడ్లే రేపు మీ పడ్డకు చేరతాయి.

మన పిల్లల కడుపులో ఉండే ఏలికపాము వేరే జాతి. దాని లార్వా మాత్రం కాలేయం, ఊపిరితిత్తుల మీదుగా తిరిగి గొంతులోకి వచ్చి, మింగబడి పేగుకు చేరుతుంది. 1922లో షిమెసు కోయినో అనే జపాను వైద్యుడు 2,000 గుడ్లు తానే మింగి, జ్వరం, దగ్గు అనుభవించి, తన కఫంలో లార్వాలను చూశాడు. 2015 నుండి జాతీయ నులిపురుగుల నివారణ దినాల్లో బడిలో, అంగన్‌వాడీలో పిల్లలకు ఆల్బెండజోల్ మాత్ర ఇస్తున్నారు. తల్లులారా, ఆ రోజు పిల్లలను ఇంట్లో ఉంచుకోవద్దు.

ఇదంతా వ్రాస్తుండగా ఒక తలంపు కలిగింది. బర్రెకు తెలియదు, ఒకే పాలతో తన దూడకు రక్షణనూ ఇస్తుంది, హానినీ ఇస్తుంది. మనకైతే తెలుసు. మనలో అణగియున్న కోపం, త్రాగుడు, పగ పైకి కనబడకపోయినా పిల్లలకు చేరతాయి. లోయి, యునీకేల విశ్వాసం కూడా అలాగే తిమోతికి చేరింది. దాగినదాన్ని ప్రభువు సన్నిధిలో ఒప్పుకొని, మంచిదాన్నే అందిద్దాం. ఆయన కృప మీ ఇంటికి, మీ పశువుల కొట్టానికి తోడైయుండును గాక.