రాజన్నా... అంటే ఎవరు పలకాలి?

వేములవాడ బస్టాండులో నిలబడి ‘రాజన్నా!’ అని గట్టిగా పిలిచి చూడండి. నలుగురైనా వెనక్కి తిరక్కపోతే అడగండి! పిల్లాడు పుడితే రాజరాజేశ్వరస్వామి పేరు పెట్టుకుంటామని మొక్కుకునే ఊళ్లాయె. ఇంటికో రాజయ్య, వాడకో రాజేశం. అందుకే ఇక్కడ పేరొక్కటే చెబితే చాలదు. ఇంటిపేరో, వాడకట్టో కూడా చెప్పాలి.

కంప్యూటరుకూ ఇదే తంటా ఉందని ఈమధ్యే మా మేనల్లుడి పుణ్యమా అని తెలిసింది. ఇంజినీరింగ్‌ ఆఖరి సంవత్సరం. తెల్లారితే ప్రాజెక్టు చూపించాలి. క్విజ్‌ ప్రశ్నల్ని కలగాపులగం చేసి అడిగే ప్రోగ్రామ్‌ అది. రాత్రి పదకొండింటికి ఫోను. ‘‘నిన్నటిదాంక మంచిగనే నడిచింది మామా. ఇయ్యాల మొరాయిస్తుంది. ఒక్క లైను ముట్టలే!’’ ఏడుపొక్కటే తక్కువ.

సాఫ్ట్‌వేర్‌ మిత్రుణ్ని నిద్రలేపా. ఆయన అడిగింది ఒక్కటే... ‘‘ఫోల్డర్లో కొత్త ఫైలేమైనా పెట్టాడా?’’

పెట్టాడు. సాయంత్రం ఏదో చిన్న ప్రయోగం చేస్తూ దానికి ‘రాండమ్‌.పీవై’ అని పేరిచ్చాడు. కొంప ముంచింది అదే!

పైథాన్‌లో ‘ఇంపోర్ట్‌ రాండమ్‌’ అంటే ఆ పేరుగల మాడ్యూల్‌ని పట్టుకురమ్మని. ఎక్కడెక్కడ వెతకాలో ‘సిస్‌.పాత్‌’ అనే జాబితాలో వరసగా ఉంటుంది. ముందు మనం నడిపే ఫైలున్న ఫోల్డరు. తర్వాత ‘పైథాన్‌పాత్‌’లో మనం రాసుకున్న చోట్లు. ఆపైన పైథాన్‌తోపాటు వచ్చే లైబ్రరీ. చివరగా ‘పిప్‌’తో తెచ్చుకున్నవి ఉండే ‘సైట్‌-ప్యాకేజెస్‌’. పేరు కలిసిన మొదటి చోటే వెతుకులాట ఆగిపోతుంది. వచ్చింది అసలు రాజన్నేనా అని చూడదు! ఫైలు పేరు మార్చగానే ప్రోగ్రామ్‌ నడిచింది.

అనుమానమొస్తే మాడ్యూల్‌ తాలూకు ‘ఫైల్‌’ వివరాన్ని ప్రింట్‌ చేయిస్తే చాలు, అది ఎక్కణ్నుంచి వచ్చిందో తెలిసిపోతుంది. 2024లో వచ్చిన పైథాన్‌ 3.13 అయితే ‘లైబ్రరీ పేరే మీ ఫైలుకీ ఉంది, మార్చుకోండి’ అని తనే చెబుతుంది.

పెద్దవాళ్లూ పప్పులో కాలేశారు. కంపెనీల్లో లోపల వాడుకునే ప్యాకేజీల పేర్లతోనే అలెక్స్‌ బిర్సాన్‌ అనే భద్రతా పరిశోధకుడు బయటి భాండాగారాల్లో తన ప్యాకేజీలు పెట్టాడు. యాపిల్‌, మైక్రోసాఫ్ట్‌ సహా 35కు పైగా కంపెనీల వ్యవస్థల్లోకి అవి చొరబడ్డాయి. 2021 ఫిబ్రవరిలో ఆయనే ఈ సంగతి బయటపెట్టాడు. దొంగ చేతిలో పడితే ఏమయ్యేదో!

మర్నాడు మేనల్లుడు గట్టెక్కాడు. ‘‘ఇకనైనా పేరు పెట్టేముందు అది ఇంకెవరికైనా ఉందేమో చూసుకోరా’’ అన్నా.

‘‘మరి నాకు పెట్టేటప్పుడు మీరు చూసిర్రా మామా? మా క్లాసుల ముగ్గురం రాజేశ్‌లమే!’’