వెనకాల ఎవరో పాడుతున్నారు!

"పాట బాగుంటే ట్యూను బాగుందంటాం, గొంతు బాగుందంటాం. మరి ఈ మిక్సింగ్, మిక్సింగ్ అంటారే, అది మాలాంటి మామూలు శ్రోతలకి వినిపిస్తుందా?" అని ఓ పాఠకుడు అడిగాడు.

వినిపిస్తుంది బాబూ! నాకైతే వినిపించి, ఓ గొడవకి కూడా కారణమయింది. ఆ సంగతికొచ్చే ముందు ఓ పాట వినాలి. మన పాట కాదు. లెడ్ జెప్లిన్ అనే ఇంగ్లీషు రాక్ బృందం 1969లో చేసిన ‘హోల్ లాటా లవ్’. ఐదున్నర నిమిషాల పాట.

ఇయర్‌ఫోన్లు రెండూ పెట్టుకోండి. ఎడమది ఎడమ చెవికే సుమా! మొదట చిన్న నవ్వు. వెంటనే ఎడమవైపు నించి జిమ్మీ పేజ్ గిటారు, ఒకే ముక్కని పట్టుకుని రంపంతో కోస్తున్నట్టు. దాని కిందికి జాన్ పాల్ జోన్స్ బేస్ చేరుతుంది. రాబర్ట్ ప్లాంట్ గొంతు అందుకుంటుంది. ఆ తర్వాత జాన్ బోనమ్ డ్రమ్సు, తలుపు బద్దలుకొట్టుకుని లోపలికొచ్చినట్టు! ఇంతవరకూ ఏ రాక్ పాటయినా ఇంతేగదా అనిపిస్తుంది.

నిమిషంన్నర తిరక్కుండానే ట్యూను మాయం. తాళాల చప్పుడు మాత్రం మిగులుతుంది. దానిమీద థెరెమిన్ ఊళ వేస్తుంటుంది (ముట్టుకోకుండా, దగ్గర్లో చెయ్యి ఆడిస్తే మోగే విచిత్రమైన వాయిద్యం లెండి). మూలుగులు, కేకలు, పేరు పెట్టలేని చప్పుళ్ళు ఈ చెవిలోంచి ఆ చెవిలోకి, మళ్ళీ ఇటు, తలకాయ మధ్యలోంచి రైలు పోతున్నట్టు పరుగెడతాయి. ఇదిగో, మీరడిగిన మిక్సింగ్ ఇదే!

ఎలా చేశారంటారా? పాటని లండన్‌లోని ఒలింపిక్ స్టూడియోలో రికార్డు చేశారు. మిక్సింగ్ జరిగింది న్యూయార్క్‌లోని ఎ అండ్ ఆర్ స్టూడియోలో. ఇంజనీరు ఎడ్డీ క్రేమర్, జిమీ హెండ్రిక్స్ పాటలు రికార్డు చేసిన ఆయనే. వాయిద్యాలూ గొంతూ టేపు మీద వేర్వేరు ట్రాకుల్లో ఉంటాయి. దేన్ని ఎంత పెంచాలి, దేన్ని ఏ చెవికి పంపాలి అన్నది బల్లమీది గుండీలు తిప్పి తేల్చుకోవాలి. కంప్యూటరు లేదు, తిప్పింది గుర్తుపెట్టుకునే యంత్రం లేదు. టేపు తిరుగుతుంటే క్రేమర్, పేజ్ ఓ చిన్న బల్ల ముందు నిలబడి నాలుగు చేతులతో అందిన గుండీనల్లా తిప్పేశారట. ఇంకోసారి తిప్పితే ఇంకోలా వచ్చేది. నా లెక్కలో ఆ ముక్కలో గిటారుతో సమానంగా వాయించింది ఆ బల్లనే.

అమెరికాలో చాలా రేడియో స్టేషన్లకి ఇది నచ్చలేదు. ఆ భాగం కోసేసి వేసుకున్నాయి. కంపెనీ కూడా మూడు నిమిషాల చిల్లర పొట్టి రికార్డొకటి తయారుచేసి ఇచ్చింది. పాట మాత్రం 1970 మొదట్లో బిల్‌బోర్డు జాబితాలో 4వ స్థానం దాకా పోయింది.

సరే, గొడవ సంగతి. 1983. విజయవాడ గాంధీనగరంలో క్యాసెట్లు నింపిచ్చే ఓ షాపులో ఈ పాట ఎక్కించుకున్నాను. మా ఇంట్లో ఉన్నది ఒకే స్పీకరు టేప్‌రికార్డరు. అందులో రైలూ లేదు, చెవుల మధ్య పరుగూ లేదు, ఏదో గోల వచ్చి పోయిందంతే. కానీ నాలుగో నిమిషం దగ్గర వాయిద్యాలన్నీ ఆగి, ప్లాంట్ ఒక్కడే గొంతు చించుకునే చోట, ఆ కేకకి కాస్త ముందుగా అదే కేక నూతిలోంచి వచ్చినట్టు సన్నగా వినిపించింది. వెనకాల ఎవరో పాడుతున్నారు!

పాత క్యాసెట్టు సరిగా చెరపకుండా దానిమీదే ఎక్కించారని తేల్చేశాను. షాపుకెళ్ళి యాగీ చేశాను. రికార్డింగు చేసే కుర్రాడికి పదహారేళ్ళుంటాయేమో. "లేదన్నా, రికార్డులోనే అట్టా ఉంది. పెడతాను, వినన్నా" అన్నాడు. నేను వినలేదు. "ఏరా, ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అని యజమాని వాణ్ణే కసిరి, ఆ క్యాసెట్టు ఖరీదు వాడి జీతంలోంచి కోస్తానన్నాడు. నేను కొత్త క్యాసెట్టు పుచ్చుకుని, గెలిచినవాడిలా ఇంటికొచ్చాను. అందులోనూ ఆ గొంతుంది! ఇదీ వాడి నిర్వాకమే అనుకున్నానేగాని, నాకు అనుమానం రాలేదు చూశారూ!

రెండేళ్ళ తర్వాత హైదరాబాదులో ఓ హాస్టలు గదిలో అసలు ఎల్‌పీ విన్నాను. అదే చోట, అదే నూతి గొంతు. ఒళ్ళు చల్లబడింది.

క్రేమర్ తర్వాత చెప్పిందేమిటంటే, ప్లాంట్ అంతకుముందు పాడిన టేకు ఒకటి టేపులో ఉండిపోయి, కిందనించి కారుతోంది. మళ్ళీ పాడించే వీల్లేదు. ఎలాగూ పోవటంలేదని దానికి కాస్త ప్రతిధ్వని కలిపి చూస్తే పేజ్‌కి నచ్చేసింది, అలాగే ఉంచమన్నాడు. అంటే పాత గొంతు పోలేదన్న నా అనుమానం నిజమే! జరిగింది గాంధీనగరంలో కాదు, అంతే.

2014లో ఆ ఆల్బమ్‌ని మళ్ళీ వేసినప్పుడు ఈ పాట తొలి చిత్తు మిక్సు కూడా బయటపెట్టారు. రెండూ పక్కపక్కన పెట్టి వినండి. చిత్తులో మధ్యభాగం రంగులు పడని గోడలా బోసిగా ఉంటుంది. మీ ప్రశ్నకి నాకంటే అదే బాగా జవాబు చెబుతుంది.

ఆ షాపుకి మళ్ళీ వెళ్ళాను. కుర్రాడు మానేసి ఆర్నెల్లయిందన్నారు. ఎక్కడున్నాడో వాళ్ళకీ తెలీదట.