పట్టా చేతికొచ్చింది, పని చేతికి రాలేదు

ఇంజినీరింగు పూర్తిచేసి హైదరాబాదులోనో, బెంగుళూరులోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన కుర్రాడు మూడు నెలలు తిరక్కుండానే "ఈ పని నావల్ల కాదు నాన్నా" అని ఇంటికి ఫోను చేయడం పల్లెల్లో కొత్త సంగతి కాదు. ప్రభుత్వం ఇచ్చిన ఫీజు పోగా హాస్టలుకూ, కోచింగుకూ అప్పుచేసిన తండ్రికి ఆ మాట పిడుగుపాటే. వీడు సరిగా చదవలేదని రచ్చబండ దగ్గర నలుగురూ తేల్చేస్తారు. ఆ తీర్పు సరైంది కాదు. లోపం చాలావరకు చదువు చెప్పిన పద్ధతిలోనే ఉంది.

కాలేజీ ల్యాబులో విద్యార్థి రాసేది యాభై, వంద వరుసల ప్రోగ్రాము. మొదటినుంచీ తనే రాస్తాడు. ఎగ్జామినరు ఒకసారి చూసి మార్కులు వేస్తే దాని పని సరి. ఉద్యోగంలో ఎదురయ్యేది ఎందరో ఏళ్ల తరబడి రాసిన లక్షల వరుసలు. రాసినవారిలో కొందరు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటారు. అందులో మార్చాల్సిన ఒక్క వరుస ఎక్కడుందో పట్టుకోవడమే మొదటి పని. కొత్త ఇల్లు కట్టడం వేరు, జనం కాపురమున్న ఇంటి గోడకు కిటికీ పెట్టడం వేరు.

పదిమంది కలిసి పనిచేసేచోట ఎవరు, ఎప్పుడు, ఏది మార్చారో లెక్క ఉండాలి. లైనక్స్ రూపకర్త లైనస్ టోర్వాల్డ్స్ 2005లో తయారుచేసిన 'గిట్' ఆ లెక్క రాస్తుంది. ఇద్దరు ఒకే వరుసను రెండు విధాలుగా మారిస్తే ఆగి చూపిస్తుంది. గట్టు తగాదాలాగే, కూర్చుని తీర్చుకోవలసింది మాత్రం మనుషులే. నాలుగేళ్లలో ఒక్కసారైనా ఈ పనిముట్టు పట్టకుండా పట్టా పుచ్చుకునేవారు ఉండటం విచారకరం.

పరీక్షించి చూడటం మరో లోటు. ల్యాబులో సరైన అంకె ఇస్తే సరైన జవాబు వస్తుంది, అంతటితో సరి. బయట జనం అలా ఇవ్వరు. ఒకరు ఇంటిపేరు ముందు రాస్తారు, ఒకరు చివర రాస్తారు, ఒకరు పొడి అక్షరంతో సరిపెడతారు. పేరులో ఒక్క అక్షరం తేడాతో ఆఫీసుల చుట్టూ తిరిగిన రైతుకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

పొరపాటు అనుభవం ఉన్నచోటా జరుగుతుంది. 2017 జనవరి 31న గిట్‌లాబ్ అనే కంపెనీలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు సమాచారాన్నే చెరిపేశాడు. ఐదు రకాల నకళ్ల ఏర్పాట్లున్నా ఆపదలో అక్కరకు రాలేదు. వేరే పనికోసం తీసిపెట్టుకున్న నకలు ఒకటి ఉండబట్టి బయటపడ్డారు. అయినా దాదాపు ఆరు గంటల సమాచారం పోయింది. విత్తనాలు దాచుకుంటే చాలదు, మొలక కట్టి చూసుకోవాలి. నకలూ అంతే.

అమెరికాలోని ఎం.ఐ.టి.లోనే ఈ లోటు గుర్తించి, 2020లో 'మిస్సింగ్ సెమిస్టర్' పేరిట ఈ పనిముట్ల గురించి ప్రత్యేక పాఠాలు పెట్టారు. అవి ఇంటర్నెట్టులో ఉచితంగానే ఉన్నాయి. అక్కడే అవసరమైనప్పుడు మన కాలేజీలకు అక్కరలేదా? రికార్డులు చూసి రాయించడం, కొనితెచ్చిన ప్రాజెక్టులకు మార్కులు వేయడం ఇకనైనా మానాలి. పై తరగతివారు రాసిన ప్రోగ్రామునే కిందివారికి ఇచ్చి బాగుచేయించాలి. దీనికి కాలేజీకి పెద్దగా ఖర్చు కాదు. ఇప్పుడు కృత్రిమ మేధ అడిగిన ప్రోగ్రాము క్షణాల్లో రాసిపెడుతోంది. అందులో తప్పు పట్టగలవాడే రేపు నిలబడతాడు.

కుర్రాళ్లు కూడా ఒకటి గమనించాలి. తెలియదని చెబితే చులకనవుతామని రోజులకు రోజులు మూగగా కూర్చుంటే నష్టం తమకే. అడగందే అమ్మైనా పెట్టదు. ఏం చేశాను, ఏం రావాలి, ఏం వచ్చింది అని మూడు ముక్కల్లో చెప్పి అడిగితే పెద్దవాళ్లు కాదనరు.

ఇక తల్లిదండ్రులు. కాలేజీలో చేర్చేముందు గేటు దగ్గర కట్టిన ఉద్యోగాల బోర్డు చూసి మురిసిపోకుండా, లోపలికెళ్లి ల్యాబు చూడాలి. రేపు కొడుకో, కూతురో బెంగపడి ఫోను చేస్తే కోప్పడకూడదు. నాగలి పట్టిన తొలిరోజున సాలు వంకరపోని రైతు ఏ ఊళ్లోనూ లేడు. ఆ మాట పిల్లలకు చెప్పవలసింది తల్లిదండ్రులే.