వేలిముద్ర కోసమేనా ఆ తల్లిని పిలిచేది?

బడికి రమ్మని కబురొస్తుంది. ఎప్పుడు? పొద్దున పదకొండింటికి. నాట్లు పడే రోజుల్లో కూలి తల్లికి పదకొండు గంటలంటే ఏమిటో కబురు పంపినవాళ్ళకు తెలియదా? ఆ రోజు కూలి పోతుంది. మర్నాడు మేస్త్రీ పిలవకపోవచ్చు కూడా. అయినా వస్తుంది, బిడ్డ సంగతి కదా. వచ్చి వరండాలో నిలబడుతుంది. లోపల కుర్చీలున్నాయి. గంట తర్వాత రిజిస్టరు ముందుకు జరుగుతుంది. "ఇక్కడ వేలు పెట్టు." అంతే. వికలాంగ పిల్లల తల్లిదండ్రులతో సమావేశం జరిగినట్టు రాసుకుంటారు.

మేము పంతుళ్ళం. ఆ బల్లకు ఇవతల కూర్చుని జీతం తీసుకుంటున్నాం. మా అమ్మలూ అయ్యలూ అవతల నిలబడినవాళ్ళే. అందుకే అడుగుతున్నాం, ఈ సమావేశం ఎవరికోసం?

వాడ పిల్లవాడికి చెవులు వినపడకపోతే ఆ సంగతి తేలేసరికి మూడో క్లాసో నాలుగో క్లాసో దాటిపోతుంది. పిలిస్తే పలకకపోతే పొగరంటారు. రాయకపోతే "వాళ్ళకు చదువెక్కడ అబ్బుతుందిలే" అంటారు. అదే పెద్దింట పుట్టుంటే ఈపాటికి పట్నం డాక్టరు చూసి ఉండేవాడు. కులం అడ్డమొచ్చి వైకల్యం కూడా కనపడదు! తల్లికి మాత్రం ఎప్పుడో తెలుసు. ఏ పక్కనుంచి పిలిస్తే తిరిగి చూస్తాడో, ఏ చప్పుడుకు ఉలిక్కిపడతాడో ఆమెకే తెలుసు. ఆమెను ఒక్క మాట అడిగారా? వ్యక్తిగత విద్యా ప్రణాళిక అని ఒక ఫారం ఉంది. ఆమె వచ్చేసరికే అది నిండి ఉంటుంది. ఏ పిల్లవాడికైనా సరిపోతుంది, అందరికీ అదే రాశారు కనుక.

మేమడిగేది దయ కాదు. బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలనీ, సగంమంది ఆడవాళ్ళుండాలనీ 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. అణగారిన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వాళ్ళ దామాషాలో చోటివ్వాలంది. 2012 సవరణ వికలాంగ పిల్లల్నీ ఆ వర్గాల్లో చేర్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 7 రకాల వైకల్యాలను 21 చేసింది. 40 శాతం, ఆపైన వైకల్యమున్న బిడ్డకు 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత చదువు. దగ్గరి బడిలోనా, ప్రత్యేక బడిలోనా అన్నది బిడ్డ ఇష్టం, హెడ్మాస్టరు ఇష్టం కాదు. "ఇక్కడ కుదరదు, భవిత కేంద్రానికి తీసుకుపో" అని తరిమే అధికారం ఎవరిచ్చారు? పోనీ, ఆటో చార్జీ సంగతి చెప్పారా? రవాణా భత్యం, తోడొచ్చేవాళ్ళకు ఎస్కార్టు భత్యం సమగ్ర శిక్షలో ఉన్నాయి. వికలాంగ ఆడపిల్లకు నెలకు 200 చొప్పున 10 నెలల స్టైపెండు ఉంది. ఈ ముక్క ఏ సమావేశంలో నోరు తెరిచి చెప్పారు? పేరు మాత్రం దివ్యాంగులని మార్చారు. కూర్చోమన్నవాడు లేడు.

హెడ్మాస్టర్లూ, ఎమ్మీవోలూ! ముందు ఆమెకు ఎప్పుడు వీలో అడిగి కబురు పంపండి. సాయంత్రమంటే సాయంత్రం, ఆదివారమంటే ఆదివారం. ఆమె రాలేకపోతే మీరే వాడకు నడవండి. వస్తే మీ కుర్చీలాంటి కుర్చీయే వెయ్యండి. 'ఏమే' అని పిలవకండి. ఫారం ఖాళీగా పెట్టి మొదటి మాట ఆమెను చెప్పనివ్వండి. రాసింది తెలుగులో చదివి వినిపించి, నకలు చేతికివ్వండి. మూడు నెలలకు ఏం చేశారో ఆమెకే లెక్క చెప్పండి. రిసోర్సు టీచర్లు కాంట్రాక్టు మీద ఉన్నారు, మండలమంతా తిరగలేకపోతున్నారు, నిజమే. వాళ్ళకోసమూ కొట్లాడతాం. కానీ కుర్చీ వెయ్యడానికి కూడా పోస్టు మంజూరు కావాలా?

అమ్మలారా, చదివి వినిపించందే వేలు పెట్టొద్దు. ఒంటరిగా పోవద్దు, వాడలో చదువుకున్న పిల్లను వెంటబెట్టుకుని పొండి. కార్యకర్తలు ఈ పక్షం రోజుల్లోనే ఇల్లిల్లూ తిరిగి, బడి మొహం చూడని వికలాంగ పిల్లల పేర్లు రాయాలి. ఆ జాబితా పట్టుకుని వచ్చే బడి కమిటీ సమావేశానికి అందరం కలిసి పోదాం.