తొమ్మిది రూపాయల్ల సబ్బెంత, సెంటెంత?

సర్కారు కాగితాలల్ల "కాస్మెటిక్ చార్జీలు" అని ఒక పద్దు ఉంటది. ఆ మాట ఇనంగనే లిప్‌స్టిక్కులు, ఫేస్‌క్రీములు యాదికొస్తయ్. అసలుకు అవి తెలంగాణ హాస్టళ్లల్ల, గురుకులాలల్ల చదివే పిల్లల సబ్బుబిళ్ల పైసలు. తానం సబ్బు, బట్టల సబ్బు, నెత్తికి నూనె, షాంపూ, పేస్టు అన్నీ అండ్లనే ఎల్లాలె. మగపిల్లల కటింగ్ గూడ అండ్లనే. 2024 చివరి దాంక, ఎనిమిది నుంచి పది చదివే ఆడపిల్లకు నెలకు 75 రూపాయలిచ్చేటోళ్లు. మూడు నుంచి ఏడు చదివే ఆడపిల్లకు 55. మగపిల్లలకు 62. తర్వాత సర్కారు పెంచింది. పెద్ద ఆడపిల్లలకు 275, చిన్నోళ్లకు 175, మగపిల్లలకు వయసును బట్టి 150, 200 చేసింది. 200 శాతం పెంపు అని పేపర్లల్ల పెద్దక్షరాలతోని వచ్చింది. పెంచుడు మంచిదే. పాత రేట్ల మీద ఏండ్ల సంది కొట్లాట నడిచింది గదా.

ఇగ లెక్క చూద్దాం. 275ను 30 రోజులతోని భాగిస్తె రోజుకు తొమ్మిది రూపాయల చిల్లర. ఆ తొమ్మిది రూపాయల్ల పదో తరగతి పిల్ల పెయ్యి, నెత్తి, పండ్లు, బట్టలు అన్నీ శుభ్రంగుండాలె. కొంచెం కష్టమే గానీ అయ్యే పనే, ఆ పైసలు శుభ్రానికే పోతె! నా పంచాయితీ అక్కడ్నే. ఆ తొమ్మిదిట్ల సబ్బుకెంత పోతున్నది, సెంటుకెంత పోతున్నది? ఈ లెక్క హాస్టల్ పిల్లలకే కాదు, కూలికి పోయే ఇంటికి, ఆటో నడిపే ఇంటికి, నెల జీతపోళ్ల ఇంటికి గూడ పనికొస్తది.

శుభ్రం వేరు, కమ్మటి వాసన వేరు. పెయ్యి మీది జిడ్డు, మట్టి పోతె శుభ్రమైనట్టు. సెంటు అనేది ఆ తర్వాత మనిషి ఇష్టం. పూసుకుంటె పూసుకుంటరు, లేకుంటె లేదు. కంపెనీలోళ్లు ఈ రెండింటినీ ఒక్క బిళ్లల కలిపి అమ్ముతున్నరు. ఘుమఘుమలాడకుంటె తానమే చెయ్యనట్టు, బక్కెట నిండ నురుగు రాకుంటె మురికే పోనట్టు మన బుర్రలకెక్కించిండ్రు. నురుగు ఎక్కువొచ్చినంత మాత్రాన మురికి ఎక్కువ పోదు. నురుగు కండ్లకు, వాసన ముక్కుకు.

మన దేశంల వాసన మామూలు ముచ్చట గూడ కాదు. కులాన్ని పసిగట్టే ముక్కులున్నయ్ ఇక్కడ. "నీసు వాసనొస్తది" అని ఇల్లు కిరాయికియ్యరు. మోరీలు తీసొచ్చిన మనిషి బస్సెక్కితె పక్కన సీటు ఖాళీ ఉన్నా కూసోరు. క్లాసుల నలుగురి ముంగట "నీ దగ్గర వాసనొస్తుంది" అని ఒక్క మాట పడ్డ పిల్ల ఆ ఏడంత ఎనుక బెంచీకే పోతది. ఆ పిల్ల రేపు చేతుల పైసలు పడంగనే ముందుగాల కొనేది బాడీ స్ప్రేనే. దాన్ని సోకు అని ఎక్కిరించేటోళ్లంటె నాకు మంట. అది సోకు కాదు, కవచం. గానీ ఆ కవచం అమ్మేటోడికి ఆ అవమానమే పెట్టుబడి. అడ్వర్టయిజ్‌మెంట్లకెల్లి చూడుండ్రి, ఫస్టు భయపెడ్తరు, తర్వాత డబ్బా చూపెడ్తరు. 2022 జూన్‌ల ఒక బాడీ స్ప్రే ప్రకటన ఆడపిల్లల మీద సామూహిక అత్యాచారాన్ని జోకులెక్క చూపెడ్తె, కేంద్ర సమాచార శాఖనే దాన్ని యూట్యూబ్, ట్విట్టర్లకెల్లి తీసెయ్యుమని చెప్పాల్సొచ్చింది. సెంటు అమ్ముడు అంత దూరం పోయింది.

చెమటకు దానంతటదానికి పెద్దగ వాసన ఉండదు. చంకలల్ల ఊరే చెమటను తోలు మీద బతికే బ్యాక్టీరియా తింటె అప్పుడు వాసన పుడ్తది. ఆ గ్రంథులు ఎదిగే వయసుల పనిచేసుడు మొదలైతది గాబట్టే ఏడు, ఎనిమిది తరగతులల్ల పిల్లలకు ఈ బాధ షురూ అయితది. పిల్ల తప్పేం లేదు, ఇంట్ల పెంపకం తప్పూ లేదు. సబ్బుతోని చంకలు రుద్ది, తడారేటట్టు తుడిచి, ఉతికిన బనీను, జాకెటు ఏసుకుంటె చాన మందికి సరిపోతది. ఇంకా కావాలంటె కటింగ్ షాపుల గడ్డం గీసినంక రాసే పటిక ఉన్నది గదా, దాన్ని తడిపి రాసుకోవచ్చు. బ్యాక్టీరియాను ఆపుతది, ఒక్క గడ్డ నెలల తరబడి వస్తది. మాములు డియోడరెంట్ చెమటను ఆపది, వాసన మీద వాసన కప్పుతది. చెమటను ఆపేది యాంటీపర్‌స్పిరెంట్, దాంట్ల అల్యూమినియం లవణాలుంటయ్. పటిక గూడ ఆ జాతిదే. ఇవన్నీ చెప్పేటప్పుడు ఒకటి మర్వొద్దు. నల్లాల నీళ్లు రాని హాస్టల్ల, యాభై మందికి రెండు బాత్రూంలున్న కాడ ఎంత మంచి సబ్బిచ్చినా ఫాయిదా లేదు.

ఇగ సబ్బు. కవరు వాపస్ తిప్పితె సన్నక్షరాలల్ల "టీఎఫ్‌ఎం" అని ఉంటది. సబ్బుల అసలు సబ్బు పదార్థం ఎంతున్నదో చెప్పే లెక్క అది. బీఐఎస్ లెక్క ప్రకారం 76 శాతం, అంతకు మించి ఉంటె గ్రేడ్ 1. 70 ఉంటె గ్రేడ్ 2. 60 ఉంటె గ్రేడ్ 3. ఇవి మూడూ "టాయిలెట్ సోప్". అంతకన్న తక్కువుంటె దాన్ని "బేతింగ్ బార్" అనాలె, దానికి 40 శాతం ఉన్నా నడుస్తది. కొన్ని బేతింగ్ బార్లల్ల సబ్బుకు బదులు తోలుకు మెత్తగుండే వేరే పదార్థాలు వాడ్తరు, అవి ఖరీదైనయ్, వాటి సంగతి వేరు. చవుక బిళ్లలల్ల మిగిలిన జాగను నింపేది ఎక్కువగ పొడులు, నీళ్లు. అవి నీళ్లు తగలంగనే మెత్తవడి సబ్బుపెట్టెల కరిగిపోతయ్. పది రూపాయల సబ్బు వారానికే ఒడిస్తె అది చవుక కాదు. ముందట బొమ్మల గులాబీ పువ్వు ఎంత పెద్దగున్నా, ఎనుక అంకె చూసి కొనుండ్రి.

నెత్తి కాడికొస్తె మనోళ్లు రెండు జట్లయితరు. ఒక జట్టు షాంపూ అంటె విషం అంటది, ఇంకో జట్టు కుంకుడుకాయ అంటె పాతకాలం అంటది. రెండూ తప్పే. ఉప్పునీళ్ల బోర్లున్న ఊర్లల్ల మాములు సబ్బుతోని నెత్తి రుద్దుకుంటె ఎంటికలు జిగటగ అంటుకుంటయ్, అక్కడ షాంపూ నిజంగనే పనిచేస్తది. కుంకుడుకాయల సపోనిన్ అనే పదార్థం ఉంటది, అదీ మురికి తీస్తది. గానీ తెల్లారుగట్ల లేసి కాయలు కొట్టి, గింజలు తీసి, నానవెట్టి, పిసికి, వడగట్టుడు ఎవ్వరి పని? ఆదివారం మగోళ్లు మంచం మీద కూసోని "మా అమ్మ కుంకుడుకాయలతోనే పోసేది" అని మురుస్తరు. కొట్టే పని వాళ్లు చేస్తనంటె నేను గూడ జై కొడ్త.

కుంకుడుకాయ, సీకాయ గురించి మాట్లాడేటోళ్లు వాటిని ఏరేటోళ్ల గురించి గూడ మాట్లాడాలె. అడవికెల్లి తెచ్చేది ఎక్కువగ ఆదివాసులు. 1956ల విశాఖపట్నం కేంద్రంగ పెట్టిన గిరిజన సహకార సంస్థ, రాష్ట్రం విడిపోయినంక తెలంగాణ జీసీసీ, ఇవి రెండూ వాటిని కొంటయ్, సబ్బులూ అమ్ముతయ్. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కు ఆదివాసులదేనని 2006 చట్టం చెప్తది. పట్నంల "హెర్బల్" షాంపూ సీసా మీద సీకాయ బొమ్మ పెద్దగ ఉంటది. లోపల పదార్థాల వరుస చూస్తె నీళ్లు, సోడియం లారెత్ సల్ఫేటు ముందు, సీకాయ సారం తోకన ఉంటది. సర్కారు హాస్టళ్లకు సబ్బులు కొనేటప్పుడు జీసీసీని ముందట వెట్టాలె అంట నేను.

సాచెట్ కథ గూడ ఒకసారి చెప్పుకోవాలె. తమిళనాడు కడలూరుల చిన్ని కృష్ణన్ అనే ఆయన షాంపూను చిన్న ప్యాకెట్లల్ల పోసి అమ్మే దారి సూపెట్టిండు. ఆయన కొడుకు రంగనాథన్ 1983ల పెట్టిన కంపెనీ చిక్ షాంపూను పల్లెపల్లెకూ చేర్చింది. సీసా కొనలేని కూలి మనిషికి గూడ షాంపూ అందింది, అది చిన్న సంగతి కాదు. గానీ ఆ ప్యాకెట్ పొరలు పొరలుగ ఉండే ప్లాస్టిక్, పాత సామాన్లోడు గూడ తీస్కోడు. 2022 జూలైల ప్లాస్టిక్ స్ట్రాలు, చెంచాలు బందు వెట్టిండ్రు, షాంపూ సాచెట్ల జోలికి పోలే. చెరువు గట్టు మీద చూస్తె లెక్క తెలుస్తది. ఇంట్ల నలుగురుంటె వారానికి రెండుసార్లు పోసుకున్నా నెలకు ముప్పై దాంక ప్యాకెట్లు. అందరికీ కలిపి ఒక సాదా సీసా తెచ్చుకుంటె ప్లాస్టిక్ తగ్గుతది. ఊర్లల్ల కిరాణం దుకాణాలు మంచినూనె లెక్క షాంపూ గూడ కొలిచి పోస్తె ఇంకా మంచిది.

నూనె కాడ మజా ముచ్చట. కొబ్బరినూనె తినే నూనెనా, నెత్తి నూనెనా అని ఏండ్ల తరబడి కేసు నడిచి, 2024 డిసెంబర్ 18న సుప్రీంకోర్టు తేల్చింది. చిన్న డబ్బాల పోసినంత మాత్రాన అది నెత్తి నూనె కాదు, తినే నూనెగనే పన్ను కట్టొచ్చన్నది. తినే నూనెకు 5 శాతం, నెత్తి నూనెకు 18 శాతం ఉన్న రోజులవి. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీల నెత్తి నూనె, షాంపూ, సబ్బుబిళ్ల, పేస్టు అన్నీ 18 నుంచి 5కు వచ్చినయ్. సెంట్లు, డియోడరెంట్లు 18లనే ఉన్నయ్. మొత్తానికి సర్కారు గూడ శుభ్రానికి, సెంటుకు మధ్యన గీత గీసింది. సాదా కొబ్బరినూనెకు రంగు, వాసన కలిపి, పేరు మార్చి ఎక్కువ ధరకు అమ్మే డబ్బాలను చూసినప్పుడు ఆ గీత యాదికుంచుకోండ్రి.

సెంటే వద్దంటున్నడా వీడు అనుకోకుండ్రి. అత్తరు నాకూ ఇష్టమే. చార్మినార్ కాడ అత్తరు దుకాణంల కూసుంటె మల్లె, గులాబీ, ఖస్, షమామా ఒక్కొక్కటి మణికట్టు మీద రాసి చూపెడ్తరు. ఉత్తరప్రదేశ్‌ల కన్నౌజ్ అనే ఊర్ల ఎండిన మట్టిని రాగి పాత్రల ఉడికిచ్చి తొలకరి వాసన తీస్తరు, మట్టి అత్తరు అంటరు దాన్ని. సీసా చిన్నది, సూదిమొన అంత రాస్తె చాలు. కొనేటప్పుడు తొందరపడొద్దు. రాయంగనే వచ్చే వాసన కొంచెం సేపట్ల పోతది. గంట తిరిగొచ్చినంక చేతి మీద ఏం మిగిలిందో అదే మీ ఇంటికొచ్చే వాసన. మోచేతి లోపలి దిక్కు రెండు మూడు రోజులు రాసి, దద్దుర్లు రాకుంటెనే కొనుక్కోండ్రి. "నాచురల్" అన్నా తోలుకు పడకపోవచ్చు, నిమ్మ, లావెండర్ నూనెలకు గూడ దురద పెట్టే గుణం ఉన్నది.

అసలు చిక్కు సీసా మీద రాతల ఉన్నది. "పర్ఫ్యూమ్" అని ఒక్క మాట రాస్తరు, ఆ ఒక్క మాట ఎనుక పదుల కొద్ది రసాయనాలు ఉండొచ్చు. యూరప్‌ల 26 రకాల అలర్జీ పదార్థాలను 2005 నుంచి పేరుపేరునా రాయాల్నని రూలు పెట్టిండ్రు, 2023ల ఆ జాబితాను 80 దాంక పెంచిండ్రు. లిలియాల్ అనే సెంటు పదార్థాన్ని 2022 మార్చి నుంచి అక్కడ మొత్తానికే బందు వెట్టిండ్రు. అదే కంపెనీలు అక్కడ పేర్లు రాసి అమ్ముతయ్. ఇక్కడ చాన సార్లు ఒక్క మాటతోని సరిపెడ్తయ్. దురద పుట్టిన మనిషి దేనికి పుట్టిందో తెల్వక ఇంకో క్రీము కొంటడు. మన కాస్మెటిక్స్ రూల్స్ 2020ల తయారైనయ్, వాటిని సవరించి ఆ పేర్లు ఇక్కడ గూడ రాయిస్తె కంపెనీల కొంప మునిగేదేం లేదు, అచ్చు అక్షరాలు నాలుగు ఎక్కువైతయ్.

మున్సిపల్ కార్మికుల సమ్మె ఏ ఊర్ల జరిగినా డిమాండ్ల కాగితంల సబ్బులు, కొబ్బరినూనె అని ఒక లైను ఉంటది. ఊరు వాసన రాకుండ చేసేటోళ్లు తమ పెయ్యి కడుక్కునేతందుకు సబ్బు అడుక్కోవాల్సొస్తున్నది. వాళ్లకిచ్చే సబ్బుకు, హాస్టల్ పిల్లలకిచ్చే సబ్బుకు ఒక్కటే కొలత పెట్టాలె, గ్రేడ్ 1. వచ్చేసారి మీ జిల్లాల ఆ కొనుగోళ్లకు టెండర్ పడ్డప్పుడు సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి ఆ కాగితం తీస్కోండ్రి. టీఎఫ్‌ఎం ఎంతుండాల్నో అండ్ల రాసిండ్రా, ఊకె "మంచి సువాసన గల సబ్బు" అని రాసిండ్రా చూడుండ్రి.