వంతెన దాటితే పన్ను

కర్నూలులో ఇంట్లోనే ఆవకాయ పెట్టి అమ్ముకునే మహిళ శ్రీకాకుళానికి సీసాలు పంపవచ్చు. ఏడాది అమ్మకాలు 40 లక్షల రూపాయలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అడిగేవారుండరు. అదే సీసాను తుంగభద్ర వంతెన అవతల, తెలంగాణలోని అలంపూర్‌కు పంపారా, మొదటి సీసా నుంచే రిజిస్ట్రేషన్ తప్పనిసరి! 2017 నాటి కేంద్ర జీఎస్టీ చట్టం 24వ సెక్షన్ చెప్పేది ఇదే. ఒక్క శాతం పన్నుతో సరిపెట్టే కాంపోజిషన్ పథకమూ పక్క రాష్ట్రానికి సరుకు అమ్మే వ్యాపారికి వర్తించదు. ఇక రిటర్నులు, ఆడిటర్ ఫీజు, ఆలస్యమైతే రుసుము. అమ్మకం లేకపోయినా నిల్ రిటర్ను వేయాల్సిందే.

సరుకు వాడుకునే రాష్ట్రానికే పన్ను చేరాలన్నది జీఎస్టీ మూలసూత్రం. సరిహద్దు దాటే సరుకుకు లెక్క కావాలనడంలో తప్పులేదు. కానీ అదే ప్రభుత్వం, పొరుగు రాష్ట్రాలకు సేవలందించే చిన్న సంస్థలకు 2017 అక్టోబరులోనే 20 లక్షల దాకా మినహాయింపు ఇచ్చింది. నిర్దేశిత హస్తకళా వస్తువులకూ ఇచ్చింది; పాన్, ఈ-వే బిల్లు ఉంటే చాలంది. బొమ్మకు పనికొచ్చిన లెక్క పచ్చడికెందుకు పనికిరాదు?

చిన్న వ్యాపారులందరికీ, ఏ సరుకు అమ్మినా, ఆ 20 లక్షల వెసులుబాటును జీఎస్టీ మండలి వర్తింపజేయాలి. అందుకు రెండు తెలుగు రాష్ట్రాల ఆర్థిక మంత్రులే చొరవ తీసుకోవాలి.