నడుము కోసం పొలం అమ్మొద్దు

దుబాయిలో నైఫ్ సందుల్లో కార్గో దుకాణాల ముందు కాసేపు నిలబడితే చాలు, మనవాళ్ల నడుములు ఎందుకు పాడవుతున్నాయో తెలిసిపోతుంది. టేపు చుట్టిన అట్టపెట్టె మీద మార్కర్‌తో కిలోలు రాసి ఉంటాయి. జగిత్యాల నుంచో సిరిసిల్ల నుంచో వచ్చిన కుర్రాడు మోకాళ్లు వంచకుండా నడుము వంచి దాన్ని లేపుతాడు. ఆ ఊపులోనే పక్కకు తిరిగి బండిలోకి తోస్తాడు. స్వీడన్ వైద్యుడు నాచెమ్సన్ 1960లలోనే మనుషుల వెన్ను డిస్కుల్లోకి సూది పంపి లోపలి ఒత్తిడి కొలిచాడు. ఊరికే నిలబడ్డప్పటితో పోలిస్తే, 20 కిలోలు పట్టుకుని ముందుకు వంగితే అది రెట్టింపు దాటింది.

ఇలాంటి నడుములకు ఇప్పుడు కొత్త ఆశ చూపిస్తున్నారు. స్టెమ్ సెల్స్ (మూలకణాలు) ఎక్కిస్తే అరిగిన డిస్కు మళ్లీ పెరుగుతుందట, ఆపరేషన్ అక్కర్లేదట. ఆ పరిశోధన బూటకం కాదు, నాకు దాని మీద గౌరవమే ఉంది. కానీ అది ఇంకా అమ్మకానికి సిద్ధం కాలేదు.

కారణం డిస్కు నిర్మాణంలోనే ఉంది. మధ్యలో నీటిని పట్టి ఉంచే గుజ్జు, చుట్టూ గట్టి పీచు వలయం. పెద్దవాళ్ల డిస్కు లోపలికి రక్తనాళాలు వెళ్లవు. పైనా కిందా ఉన్న వెన్నుపూసల అంచుల గుండా మెల్లగా ఊరి వచ్చే గ్లూకోజు, ఆక్సిజన్‌లతోనే అక్కడి కణాలు బతకాలి. అరుగుదలతో ఆ దారి కూడా సన్నబడుతుంది. అలాంటి చోటికి కొత్త కణాలను పంపడమంటే గింజలు నిండుకున్న ఇంటికి చుట్టాలను పంపడమే. మెసోబ్లాస్ట్ అనే ఆస్ట్రేలియా కంపెనీ ఇలాంటి కణాలతోనే 404 మందిపై పెద్ద ట్రయల్ చేసింది. నొప్పి తగ్గాలి, పనితీరు కూడా మెరుగవాలి అని పెట్టుకున్న ప్రధాన లక్ష్యం అందలేదని 2021లో తానే ప్రకటించింది. కొందరికి నొప్పి తగ్గిన జాడ కనిపించడంతో మరో ట్రయల్ మొదలుపెట్టింది. సైన్సు నడవాల్సిన తీరు అదే.

ఎమ్మారైలో 'డిస్కు అరిగింది' అని రాగానే హడలిపోనక్కర్లేదు. ఏ నొప్పీ లేని 20 ఏళ్ల వాళ్లలోనే 37 శాతం మందికి ఆ అరుగుదల కనిపిస్తుందని 2015లో వచ్చిన ఒక సమీక్ష లెక్క తేల్చింది. డిస్కు జారి కాలు లాగుతున్నా చాలామందికి కత్తి అవసరం రాదు. బయటికొచ్చిన ముక్కను ఒంట్లోని రక్షణ కణాలే కొద్దికొద్దిగా తినేస్తాయి. దీనికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మంచం పట్టనక్కర్లేదు, నడవాలి. బరువులు మాత్రం మానాలి. మూత్రం ఆగిపోయినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

మరి బరువు మానే వీలు ఎవరికుంది? ఎమిరేట్స్ కార్మిక చట్టం ప్రకారం ప్రొబేషన్ దాటినవాడికి ఏడాదికి 90 రోజుల అనారోగ్య సెలవు ఉంది. మొదటి 15 రోజులకు పూర్తి జీతం, తర్వాతి 30 రోజులకు సగం, మిగతా 45 రోజులకు సున్నా. ఊళ్లో వడ్డీకి అప్పు తెచ్చి విమానమెక్కినవాడు సగం జీతం మొదలవగానే బెల్టు బిగించుకుని మళ్లీ పెట్టెల దగ్గరికి వస్తాడు. ఖల్లివెల్లి అయిన, అంటే కంపెనీ వదిలి కాగితాల్లేకుండా ఉంటున్న వాళ్లకు ఆ 15 రోజులూ లేవు. ఏళ్ల తరబడి బరువులు మోయడం వల్ల వచ్చే నడుము డిస్కు జబ్బును జర్మనీ 1993లోనే వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చింది. గల్ఫ్ సంక్షేమం గురించి మాట్లాడే మన నాయకులు అడగాల్సింది ఇలాంటి గుర్తింపునే. కార్గో దుకాణాలు నడిపే మనవాళ్లు అంతవరకూ ఆగనక్కర్లేదు. పెట్టె 23 కిలోలు దాటితే ఇద్దరు మోయాలనే నియమం రేపే పెట్టుకోవచ్చు.

సెలవుపై ఊరికొచ్చి ఇంజెక్షన్ కోసం పొలం బేరం పెడుతున్న తమ్ముళ్లకు ఒక మాట. రక్త సంబంధ వ్యాధులకు చేసే మూలకణ మార్పిడిని మినహాయిస్తే, మిగతా స్టెమ్ సెల్ చికిత్సలు క్లినికల్ ట్రయల్‌గానే జరగాలని, రోగి నుంచి డబ్బు తీసుకోకూడదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల్లో చెప్పింది. డిస్కుకు స్టెమ్ సెల్స్ అంటే ముందు ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. నంబరు చెప్పకుండా ఫీజు చెబితే లేచి వచ్చేయండి.